మెట్‌పల్లిలో దాక్కున్న డోలు

నిజామాబాద్‌లో బస్సెక్కి, ఆర్మూరు దాటి జగిత్యాల దారి పట్టామంటే మెట్‌పల్లి వచ్చేస్తుంది. పసుపుకీ, ఖద్దరుకీ పేరుపడ్డ ఊరు. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. ఇంతకీ నేను వెళ్ళింది పసుపు కోసం కాదు, ఖద్దరు కోసమూ కాదు... ఓ డోలు కోసం!

అక్కడ మా మిత్రుడొకడున్నాడు. సినిమా పాటంటే ప్రాణం. 1986లో తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం 'సింహాసనం' ఆరు ట్రాకుల స్టీరియో శబ్దంతో వచ్చినప్పుడు గుండెల్లో పుట్టిన దడ, ఇంట్లోనూ వినాలని ఈమధ్య అప్పు చేసి స్పీకర్లు కొన్నాడు. తీరా చూస్తే...

"పాటల డోలే వినవడుతలేదన్నా! సౌండు పెంచితే అమ్మ లొల్లి!"

వెనక గోడ వారగా మంచం మీదున్న ఆ తల్లి నన్ను చూడగానే, "గదంత గుయ్యిమంటున్నది బిడ్డా, తలకాయ నొస్తున్నది. అవి అమ్మెయ్యుమని జర నువ్వన్నా చెప్పు" అంది.

చూశారా విచిత్రం! ఒకటే గది. నడిమధ్య కుర్చీలో కొడుక్కి డోలు లేదు. గోడ పక్కన తల్లికి అంతా డోలే! ఎవరిది అబద్ధం?

ఎవరిదీ కాదు. ఆ గది పొడవు 12 అడుగులు. సెకనుకు 47 సార్లు కంపించే మంద్రధ్వని అల పొడవు సుమారు 24 అడుగులు, అంటే గదికి రెట్టింపు. గోడకు తగిలి తిరిగొచ్చే అల, ఎదురొచ్చే అలతో కలిసి గోడల దగ్గర ఉప్పొంగుతుంది, మధ్యలో చచ్చిపోతుంది. మావాడు ఖద్దరు పరదాలు కూడా కట్టాడు. పల్చటి బట్ట అంత పెద్ద అలను ఆపుతుందా, పాపం!

ఇక డిజిటల్ రూమ్ కరెక్షన్‌కు దిగాం. లాప్‌టాప్‌కు కొలత మైకు తగిలించి, మంద్రం నుంచి పైకి సాగే కూతను స్పీకర్లలో వినిపిస్తూ, కుర్చీ దగ్గరా, మంచం దగ్గరా కొలిచాం. తెర మీద గీత పడింది. 47 దగ్గర మంచానికి కొండ, కుర్చీకి గొయ్యి! కొండనైతే ఫిల్టరుతో కోసెయ్యొచ్చు. గొయ్యి పూడ్చాలని 10 డెసిబెల్స్ పెంచామా, ఆంప్లిఫయర్ పదింతల శక్తి ఇవ్వాలి. ఇచ్చినా గొయ్యి నిండదు, అమ్మ నెత్తిన కొండే పెరుగుతుంది!

అందుకని ముందు కుర్చీని మూడడుగులు వెనక్కి జరిపాం. పైసా ఖర్చు లేదు! మళ్ళీ కొలిచి, ఆ తర్వాతే కొండను కోశాం.

పాట పెట్టాడు. డోలు పలికింది! గది గుయ్యిమనలేదు. స్పీకర్లు అమ్మే మాట ఆ తల్లి మళ్ళీ ఎత్తలేదు. "సౌండు మాత్రం జర తగ్గియ్యి" అంది.

తల్లులంతే కదా! మీ ఇంట్లోనూ డోలు కనబడకపోతే, కొత్త స్పీకర్లకు అప్పు చేసేముందు ఓసారి కుర్చీ జరిపి చూడండి!