సమోసా సఫర్

రంజాన్‌లో అసర్ నమాజ్ కాగానే మా టేకుమట్ల ఇంట్లో అమ్మీ సమోసాల పని మొదలుపెట్టేది. చిన్న రొట్టెల మధ్య నూనె, పొడిపిండి రాసి, ఒకదాని మీద ఒకటి పెట్టి పల్చగా ఒత్తేది. పెనం మీద కాస్త వేడి తగలగానే పొరలు విడదీసి పట్టీలుగా కోసేది. వాటిని ముక్కోణంగా మడిచి మైదా గంజితో అంటించడం మా పిల్లల పని. ఖీమా జుమ్మా రోజే. మిగతా రోజులు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, గుప్పెడు అటుకులు. ఉల్లిగడ్డ తడిని అటుకులు పీల్చుకుంటేనే సమోసా కరకరలాడుతుంది.

ఒకసారి ఈద్ మర్నాడు బడికి డబ్బాలో తీసుకెళ్లాను. ఒక దోస్తు తింటూనే అన్నాడు: "ఇది బయటి దేశం తిండట. మీరు గూడ బయటోళ్లేనట గదా?"

ఇంటికొచ్చి అమ్మీకి చెప్పాను. "మీ నానా, నానీ, వాళ్ల అమ్మీఅబ్బాలు ఏ కబ్రస్తాన్‌ల పండుకున్నరు బేటా?" అని మాత్రం అడిగింది.

పెద్దయ్యాక చదివితే తెలిసింది, దోస్తు మాటలో సగం నిజమే. సమోసా పేరు ఫార్సీ నుంచి వచ్చింది. 9వ శతాబ్దంలోనే బాగ్దాద్ షాయర్ ఇస్హాఖ్ అల్ మౌసిలీ దాని మీద కవిత రాశాడు. 14వ శతాబ్దంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బార్‌లో బాదం, పిస్తా, అక్రోట్, ఖీమా కూరి నేతిలో వేయించిన సమోసాలు వడ్డించారని ఇబ్న్ బతూతా రాశాడు. అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో హింద్ వాళ్లు దీన్ని సంబూసా అంటారన్నాడు. ఇథియోపియా, సోమాలియాల్లో ఇప్పటికీ అది సంబూసానే. మన షాదీ దావత్‌లలో కనిపించే నలుచదరపు లుఖ్మీ దీని చుట్టమే. దాని పేరు అరబ్బీ 'లుఖ్మా' నుంచి వచ్చింది, అంటే ముద్ద.

మరి అందరూ మనదే అనుకునే ఆలుగడ్డ? అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల వెంట వచ్చింది. మిర్చీ అంతే. అమ్మీ సమోసాలో నికార్సయిన లోకల్ సరుకు అటుకులే. దర్బార్‌లో బాదం పిస్తాలున్న చోట మా ఇంట్లో వరి చేరింది. ఫార్సీ పేరు మోస్తూనే అది మా ఊరి తిండి అయింది. మా ఇంటి మాటలాగే: కొంత ఉర్దూ, కొంత తెలుగు.

అమ్మీ ఇప్పుడు ఆ కబ్రస్తాన్‌లోనే ఉంది. పోయిన రంజాన్‌లో ఆ దోస్తును ఇఫ్తార్‌కు పిలిచాను. ఈ తారీఖంతా చెబుదామనుకున్నాను. అంతలో మగ్రిబ్ అజాన్ అయింది. ఖజూర్‌తో రోజా విడిచి, నేను చేసిన సమోసాలు అతని ముందు పెట్టాను.

ఒకటి కొరికి, కాసేపు నమిలి అన్నాడు: "అమ్మీ చేసినట్టు లేదురా. అటుకులు తక్కువైనయ్."