బాలుని ప్రశ్న

నేను అరకులోయలో ఉపాధ్యాయుడనుగా నున్న దినములలో, ఒకనాటి రాత్రి పాఠశాల ముంగిట తెల్లని వస్త్రము గట్టి, 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చలనచిత్రమును ప్రదర్శించితిమి. పోడు సేద్యమును కట్టడి చేసిన అటవీ నిర్బంధములను, వెట్టిచాకిరిని ఎదిరించి 1922లో మన్యప్రజలు తిరుగబడిన కథ యది. అందలి ‘తెలుగు వీర లేవరా’ గీతమునకు శ్రీశ్రీ జాతీయ పురస్కార మందెనని గర్వముతో చెప్పితిని.

అంతట ఒక గిరిజన బాలుడు లేచి, “మాస్టారూ! కథ మా తాతలది గదా! మాకు బహుమాన మెప్పుడు వచ్చును?” అని యడిగెను. నేను నిరుత్తరుడ నైతిని.

బాలలారా! ప్రజల వేదనను చూపు చిత్రములను సత్కరించుట మంచిదే. అట్టివి మరికొన్ని పుట్టుటకు ఆ సత్కారమే ఊతము. కాని ఎవరి కథయో వారే చెప్పుకొనగలిగిన నాడు గదా ఆ గౌరవము సంపూర్ణమగుట!

మరునాడు ఆ బాలుని చేతికొక నోటుపుస్తక మిచ్చి, “మీ తాత చెప్పిన కథ వ్రాయుము” అంటిని.