వెచ్చాల బిల్లు చూపించండి

షుగరు ఉన్నవాళ్ళను "ఏం తింటున్నారు?" అని అడగడం మానేసి చాలా కాలమైంది. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, రాత్రి రెండు పుల్కాలు, తీపి ముట్టనే ముట్టనండీ. అబద్ధమాడతారని అనను. డాక్టరు ఎదుట కూర్చునేసరికి ఎవరికైనా బుద్ధిగా తిన్న రోజే గుర్తొస్తుంది. అందుకని నెలవారీ సరుకుల బిల్లు తెమ్మంటాను. మొదట్లో మా రిసెప్షన్ అమ్మాయి నవ్వుకునేది. ఇప్పుడు తనే ఫోనులో "పాత రిపోర్టులు, వెచ్చాల బిల్లు పట్టుకు రండి" అని చెప్పేస్తోంది.

ఈ అలవాటు స్థిరపడింది ఒక లెక్కల మాస్టారి వల్ల. రిటైరైన మనిషి, పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక తప్పరు, మాత్రలు వేళకి వేసుకుంటారు. అయినా మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎనిమిదికి దిగదు. బిల్లు అడిగితే చొక్కా జేబులోంచి తీసి మడత విప్పారు, మూరెడు పొడుగుంది. డైజెస్టివ్ బిస్కెట్లు పెద్ద ప్యాకెట్లు నాలుగు, కార్న్‌ఫ్లేక్స్, తేనె, మల్టీగ్రెయిన్ బ్రెడ్డు, పళ్ళరసం రెండు డబ్బాలు. "ఇవన్నీ షుగరొచ్చాక మొదలెట్టినవేనండీ, ఆరోగ్యం కోసమని" అన్నారు కాస్త గర్వంగానే.

సంచిలో బిస్కెట్ ప్యాకెట్టు ఒకటి ఉంటే బల్ల మీద పెట్టి భూతద్దం చేతికిచ్చాను. ముందు వైపు బంగారు రంగు గోధుమ కంకులు. వెనక, మడత పడే చోట, చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి: మైదా, పామాయిల్, చక్కెర, గోధుమ పొట్టు, ఇన్వర్ట్ సిరప్ అనే చక్కెర పాకం. ప్యాకెట్టు సరుకులో ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలన్నది మన దేశంలో నిబంధన. ఆ ముక్క చెప్పగానే మాస్టారు "అయితే పొట్టుది నాలుగో ర్యాంకా!" అన్నారు. ఇంక నేను చెప్పాల్సిందేమీ లేకుండా లెక్క ఆయనే కట్టారు. నూరు గ్రాములకు పదిహేను గ్రాముల చక్కెర అని రాసి ఉంది, రోజుకు ఆరు బిస్కెట్లు అంటే సుమారు తొంభై గ్రాములు. టీలో చక్కెర మానేసి, ఆ టీలో ముంచుకున్న బిస్కెట్లతో మూడు చెంచాల చక్కెర తింటున్నారన్నమాట. మైదా కూడా ఒంట్లోకి వెళ్ళి గ్లూకోజే అవుతుందని నేను కలిపాను.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన 17 ఆహార సూత్రాల్లో లేబుళ్ళు చదవమన్నది ఒకటి. అదే ఏడాది డబ్బా రసాల మీద '100 శాతం పళ్ళరసం' అనే మాట తీసేయమని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కంపెనీలను ఆదేశించింది. పాలలో కలిపే తీపి పొడులను 'హెల్త్ డ్రింక్స్' వరుసలో అమ్మొద్దని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది. చదువుకున్న మాస్టారే ముందు వైపు బొమ్మ చూసి మోసపోయారంటే ఆ బొమ్మ గీసినవాడి తెలివిని ఒప్పుకోవాలి.

ఆమాటకొస్తే కొట్టు కట్టినవాడిదీ తక్కువ తెలివి కాదు. మా చిన్నప్పుడు పచారీ కొట్టులో శెట్టిగారు మనకీ సరుక్కీ మధ్య కూర్చునేవారు. చీటీ అందిస్తే అందులో ఉన్నవే పొట్లాలు కట్టి ఇచ్చేవారు. లేనిది కంటపడేదే కాదు. సరుకు దగ్గరికి మనమే నడిచే పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ తన పిగ్లీ విగ్లీ దుకాణంతో మొదలుపెట్టాడు. చేతి బుట్ట నిండితే జనం కొనడం ఆపేస్తున్నారని 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ చక్రాల బండి ప్రవేశపెట్టాడు. ఇప్పుడు మా ఊళ్ళోనూ అవే బండ్లు. కందిపప్పు, బియ్యం ఎక్కడో లోపల. బిల్లు కట్టే వరుసలో మనం నిలబడి ఉన్నంతసేపూ పక్కన చాక్లెట్లు, అదీ సరిగ్గా పిల్లవాడి కళ్ళ ఎత్తులో.

ఆ ఎత్తున్న పిల్లవాడే ఒకడు నా దగ్గరికొచ్చాడు. పదేళ్ళు, యాభై రెండు కిలోలు. మెడ వెనక నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా చర్మం. వాళ్ళమ్మ అది మట్టి అనుకుని సున్నిపిండితో రుద్దీ రుద్దీ కందిపోయేలా చేసింది. అది రుద్దితే పోయేది కాదు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఒళ్ళు దాన్ని మరింతగా తయారు చేస్తుంటే, ఎక్కువైన ఇన్సులిన్ చర్మకణాలను పెంచడం వల్ల వచ్చే నలుపు. స్కానింగ్‌లో కాలేయానికి కొవ్వు పట్టినట్టు కూడా తేలింది. బిల్లు తెచ్చింది తాతగారు, ప్రతి ఆదివారం మనవడితో కొట్టుకెళ్ళేది ఆయనే. చిప్సు, క్రీము బిస్కెట్లు, కూల్‌డ్రింకు పెద్ద సీసా, ఒకటి కొంటే ఒకటి ఉచితం. "వాళ్ళ నాన్న కువైట్‌లో ఉన్నాడండీ. పిల్లాడు అడిగితే కాదనలేను" అన్నారు. ముసలాయన కళ్ళు తడి చేసుకున్నారు.

పూర్తిగా మాన్పించండని నేను అనలేదు. అలా అన్న ఇళ్ళలో పిల్లలు బడి గేటు దగ్గర కొనుక్కు తినడం చూశాను. భోజనం చేశాకే కొట్టుకి వెళ్ళమన్నాను, ఆకలి మీద బండి తోస్తే చెయ్యి ఊరుకోదు. చీటీ ఇంట్లోనే, పిల్లవాడి చేతే రాయించమన్నాను. చివర్న వాడికిష్టమైంది ఒక్కటి, ఏదైనా సరే, చిన్న ప్యాకెట్టు. పెద్ద సీసా మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు, ఇంట్లో ఉన్నది రాత్రి పదింటికైనా ఖాళీ అవుతుంది. కూరగాయలకి రైతు బజారుకి తీసుకెళ్ళమన్నాను. 1999 నుంచి ఉన్న ఆ బజార్లలో చాక్లెట్లు వేలాడే బిల్లు వరుస లేదు. ఏడాది తిరిగేసరికి బరువు అంతే ఉంది, పొడుగు పెరిగాడు. ఎదిగే పిల్లల్లో మేం కోరుకునేది అదే. మెడ నలుపు సగం విడిచింది. తాతగారికీ మనవడికీ చీటీ దగ్గర ఇంకా గొడవలవుతూనే ఉన్నాయట.

ఉప్పు సంగతి బిల్లులో ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. బీపీ తగ్గని ఒకావిడ "ఉప్పు సగం చేశానండీ" అంది. ఇంట్లో ఇద్దరే, నెలకు కిలో ప్యాకెట్టు. రోజుకు మనిషికి పదహారు గ్రాములు దాటుతోంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు గ్రాములలోపే ఉండమంటోంది. కూరగాయలు కడగడానికీ మరోదానికీ సగం పోయిందనుకున్నా ఎక్కువే. అప్పడాలు, సీసా పచ్చళ్ళు వేరే.

హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్లలకు కొట్టే లేదు, పది నిమిషాల్లో తలుపు దగ్గరికి తెచ్చిచ్చే యాప్ ఉంది. కొవ్వు కాలేయంతో వచ్చిన ఒకమ్మాయి ఆర్డర్లన్నీ రాత్రి పదకొండు దాటాకే. రాత్రి నచ్చింది కార్టులో వేసుకో, డబ్బు మాత్రం పొద్దున టిఫినయ్యాక కట్టు అన్నాను. పొద్దున చూస్తే సగం తనకే అక్కర్లేదనిపించి తీసేస్తోందట.

బిల్లు అడగడానికి వీల్లేని వాళ్ళూ వస్తారు. శ్రీకాకుళం జిల్లా నుంచి అపార్టుమెంటు పనికొచ్చిన ఒకామె రెండేళ్ళ పిల్లను తెచ్చింది. బక్కగా, రక్తం లేకుండా ఉంది పిల్ల. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు రోజుకు రెండు, టీలో ముంచి. ఇసుక మోస్తూ చంటిపిల్ల చేతిలో ఇంకేం పెడుతుంది? ఆమెకు నిగ్రహం గురించి చెప్పే ముఖం నాకు లేదు. పల్లీలు, పుట్నాలు, బెల్లం మెత్తగా కొట్టి ఉండలు చేయమన్నాను, గింజలుగా పెడితే ఆ వయసులో గొంతుకి అడ్డం పడతాయి. "ఎక్కడ కొట్టను సారూ, షెడ్డులో ఉంటున్నాం" అంది. అంగన్‌వాడీలో అడిగావా అంటే కార్డు ఊళ్ళో ఉంది, ఇక్కడ ఇవ్వరేమో అనుకుందట. మా నర్సు వెంట వెళ్ళి పేరు రాయించింది. ఇప్పుడు అక్కడి నుంచి బాలామృతం పిండి ప్యాకెట్టు వస్తోంది, వేడినీళ్ళలో కలిపితే చాలు. ఐరన్ చుక్కలు వేస్తున్నాం. పొద్దుటి బిస్కెట్లు ఆగాయి, సాయంత్రం ప్యాకెట్టు ఇంకా కొంటోంది.