ఆరు గుండ్ల సరదా

నాలుగు వారాల సంది కంపెనీలు, కాలుష్యం, నష్టపరిహారం అనుకుంట రాస్తనే ఉన్న. "అన్నా, ఒక్కసారి జర తేలికైన ముచ్చట రాయరాదే" అని ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. సరే. ఈ వారం ఒక చిన్న తుపాకి గురించి. తేలికగ ఉంటదో లేదో చదివినంక మీరే చెప్పున్రి.

మొన్నటి చలికాలంల ఒక ఆదివారం పొద్దున మా అక్క కొడుకు టెక్సాస్ నుంచి వీడియో పంపిండు. ఖాళీ జాగల ఒక కట్టె మొద్దు, దానిమీద ఆరు కూల్‌డ్రింక్ డబ్బాలు. పిల్లగాని చేతుల పొడుగు మూతి రివాల్వర్. మన కృష్ణ "మోసగాళ్లకు మోసగాడు"ల తిప్పినట్టే ఉన్నది. బొటనవేలుతోని సుత్తి వెనక్కి గుంజుడు, కొట్టుడు, మళ్ల గుంజుడు. ఆరింట్ల నాలుగు డబ్బాలు పడ్డయ్. వెనకనుంచి ఎవరో దోస్తు తెలుగుల కేకలు. వాడు కెమెరా దిక్కు తిరిగి పండ్లికిలించిండు. వాడు గట్ల నవ్వంగ చూసి ఎన్నేండ్లయిందో.

వీడియో బాపుకు చూపిచ్చిన. మా బాపు ఇస్నాపూర్ల ఉంటడు. ఇరవై ఆరేండ్లు మిషన్ల నడుమ పని చేసి సగం వినికిడి అక్కడనే వదిలిపెట్టిండు. ఫోన్ చెవికి ఆనిచ్చుకున్నడు.

"గింతేనా సప్పుడు? పటాక తీరుగ సుత వస్తలేదు."

"చిన్న గుండు బాపూ. పాయింట్ ఇరవై రెండు అంటరు. గుండు మూడు గ్రాములు సుత ఉండదు."

"గంత చిన్నదైతే ఎందుకు కొన్నడు మరి?"

"సరదాకు."

బాపు నా మొఖం చూసిండు. "సరదాకా?" అన్నడు. తుపాకి పక్కన ఆ మాట ఆయనకు అతకలే. నిజం చెప్పాలంటే నాక్కూడ అతకలే. ఈ ముచ్చట అక్కడ మొదలైంది.

అల్లుడు కొన్నది హెరిటేజ్ రఫ్ రైడర్ అని ఒక చవక రివాల్వర్. రెండు వందల డాలర్లు కూడ కాదట. గుండ్లు సుత చవక, ఒక్కోటి మనకు ఐదారు రూపాయలు, పది రూపాయల లోపలనే పడుతదట. వీసా మీద ఉన్నోళ్లు తుపాకి పెట్టుకోవద్దని అమెరికా కేంద్ర చట్టం అంటది. కానీ వేట లైసెన్స్ ఉంటే ఆ నిషేధం వర్తించది. అందుకే మనోళ్లు చానమంది ఒక్క జింకను సుత కొట్టకుండనే వేటగాళ్లయితరు. మావాడు ఆన్‌లైన్ల వేట కోర్సు చేసి, 25 డాలర్లు కట్టి లైసెన్స్ తీసుకున్నడు. "మామా, కోడిని కొయ్యనీకి భయపడేటోన్ని, ఇప్పుడు నేను సర్కారు వేటగాన్ని" అని నవ్విండు.

వేట అంటే మా ఇంట్ల వేరే కథ ఉన్నది. బాపు దాన్ని ఆ రోజే మళ్ల చెప్పిండు. ఊర్ల దొరకు పందుల వేట సరదా. వేటకు పోయే ముందురోజు మాదిగవాడకు కబురు వచ్చేది. తెల్లారి మా తాత, ఇంకో పదిమంది డప్పులు పట్టుకోని గుట్ట వెనకనుంచి కొట్టుకుంట వస్తే, పందులు లేచి దొర కూసున్న దిక్కు ఉరుకాలె. గుండు ఆ దిక్కు నుంచి వస్తది, డప్పులోల్లు ఎదురుంగ నడుస్తరు. ఒకసారి తాత చెవు పక్కనుంచే గుండు పోయిందట. దొర నవ్వి "బచాయించినవ్ పో" అన్నడట. అది కూడ సరదానే.

ఇంకోటి ఉన్నది. దొర నడుముకు కట్టుకునే గుండ్ల పట్టా కుట్టింది మా తాతనే. తోలు ఊనింది, కోసింది, ఒక్కో గుండుకు ఒక్కో గూడు కొలిచి కుట్టింది అంత ఆయననే. గూడు కొలవనీకి ఒక్క ఖాళీ తూటా ఇచ్చిన్రట. పని అయినంక అది సుత వాపస్ తీసుకున్నరట. మూడు తరాలకు మా ఇంట్లకు వచ్చిన తుపాకి సామాను ఆ ఒక్క ఖాళీ తూటానే, అది కూడ వారం రోజులు.

అంబేద్కర్ 1936 నాటి "కుల నిర్మూలన"ల ఈ దేశంల కిందోల్లు ఎందుకు తిరగబడలేదని అడిగి, ఆయుధం పట్టే హక్కు లేకుండ చేసుడు దానికొక కారణమని రాసిండు. మన సభలల్ల ఈ మాట బాగనే చెప్పుకుంటం. కానీ మనం ఆయుధం గురించి మాట్లాడినప్పుడల్ల రెండే చెప్తం. ఒకటి భయం, ఇంకోటి తిరుగుబాటు. డబ్బాలు కొట్టుకునే సరదా మన లెక్కల లేనే లేదు. దొరకు మాత్రం అదే ముందు. ఆయన ఆ తుపాకితోని చేసిన యుద్ధం ఒక్కటి లేదు, చేసినదంత ఆటనే.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలె. నేను సుత కాల్చిన. ఇన్నేండ్లు ఎవలకూ చెప్పలే.

ఒక భూమి కేసుల మాకు బెదిరింపులు వచ్చిన కాలం. రాత్రి పదకొండు దాటినంక బైకులు వచ్చి ఇంటి ముందట ఇంజన్ బంద్ చెయ్యకుండ నిలవడేటియి. అప్పుడు మా వకీలన్న ఒక నియమం చూపిచ్చిండు. విద్యార్థులు దీన్ని రాసిపెట్టుకోన్రి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995ల నియమాలు వచ్చినయ్. అందుల 3వ నియమం ప్రకారం, అత్యాచారాలు జరిగే అవకాశం ఉన్న ప్రాంతంల రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలు కానోళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి తుపాకులు జమ చేయించాలె. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇయ్యాలె. ఎట్రాసిటీ చట్టం మీద గంటలు గంటలు ఉపన్యాసం ఇచ్చే నాకే ఆ నియమం అప్పటిదాక తెల్వది.

దరఖాస్తు పట్టుకోని పోయిన. ఏ ఆఫీసని చెప్ప. కాయితాలు తిరగేసిన సారు మొదలు అడిగింది "ఆస్తులేమున్నయ్?" అని. ప్రాణం ఉన్నది సార్ అన్న. "అది అందరికి ఉంటది" అన్నడు. నియమం కాపీ ముందట పెట్టిన. చదివిండు, మడిచి నాకే ఇచ్చిండు. నాలుగు సార్లు తిరిగిన, అయిదోసారి పోలే. ఆ కాయితం మీద అవునని రాలే, కాదని సుత రాలే.

ఒకవేళ లైసెన్స్ వచ్చినా కొందునా? మన దేశంల మామూలు మనిషికి దొరికేది ఎక్కువగ .32 బోర్ రివాల్వర్. ఢిల్లీ ఘటన తర్వాత, 2014ల కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసమని అరకిలో బరువుతో "నిర్భీక్" తెచ్చింది. అప్పటి ధర 1,22,360 రూపాయలు. మా వదిన నైట్ షిఫ్ట్ దిగి చీకట్ల ఇస్నాపూర్ చౌరస్తా దాక ఒక్కతే నడుస్తది. జీతం పన్నెండు వేలు. పది నెలలకు పైన తిండి తినకుంటె ఆమె ధైర్యం ఆమెకు చేతికొస్తది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .22 బోర్ల, పావు కిలో బరువుతో "నిడర్" అని చిన్నది తెచ్చింది. రెండు పేర్లకు భయం లేనోల్లు అనే అర్థం. భయం లేనితనాన్ని సుత ఫ్యాక్టరీల తయారు చేసి లైసెన్స్ ఉన్నోల్లకే అమ్ముతరు. మా జిల్లాలనే, ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల, 30 ఎంఎం ఫిరంగి ఉండే సారథ్ యుద్ధ వాహనాలు తయారైతయ్. మా బస్తీ పిల్లలు దాని గోడ పక్కనుంచి బస్సుల పోతరు.

2016 ఆయుధ నియమాలు లైసెన్స్ కావాలంటే ముందు తుపాకి భద్రంగ వాడుడు నేర్చుకోవాలె అంటయ్. ఆ పేరు చెప్పుకోని హైదరాబాద్ల ఒక రేంజికి పోయిన. నేర్పే ఆయన మాజీ సైనికుడు. కులం అడగలే, ఆస్తి అడగలే. "మూతి ఎప్పుడు మనిషి దిక్కు తిప్పకు, కొట్టే దాక వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు" అని మాత్రం పదిసార్లు చెప్పిండు. చేతుల ఒక పాత .22 రివాల్వర్ పెట్టిండు. 2023ల హాంగ్జౌ ఆసియా క్రీడలల్ల మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 25 మీటర్ల ఆటల పతకాలు కొట్టింది గద, అందుల వాడేది సుత .22 గుండే.

మొదటి గుండుకు కండ్లు మూసిన. రెండోది కాయితం అంచుకు తాకింది. నాలుగోదానికి చెయ్యి కుదిరింది. ఊపిరి సగం వదిలి ఆపుతె, ఆ ఒక్క క్షణం లోకంల నేను, ఆ నల్ల చుక్క తప్ప ఏమి ఉండది. భూమి కేసు లేదు, బైకులు లేవు, మీటింగులు లేవు. జాతరల బుగ్గలు కొట్టే పిల్లగాన్ని అయిపోయిన. చిన్నప్పుడు ఏడుపాయల జాతరల ఒక్కసారి కొడ్త అని ఏడిస్తె, అవ్వ దగ్గర పైసల్ లేక చెయ్యి గుంజుకపోయింది. ఆ బుగ్గలన్ని ఆ రోజు పగలగొట్టిన అనిపిచ్చింది. ఇంకో పది గుండ్లు అడిగి మరీ కొట్టిన.

ఇంటికి వచ్చేటప్పుడు సిగ్గయింది. ఆత్మరక్షణ కోసం పోయిన్నని నాకు నేనే చెప్పుకున్న. అబద్ధం. ఆ అర్ధగంట మజా వచ్చింది, గంతే. ఆ మజా దొరదని మనసుల గుర్తేసుకున్నట్టున్న. అందుకే దాచిన. ఇప్పుడు ఆలోచిస్తే, దాచుడే తప్పనిపిస్తది. సంగారెడ్డి పాత జైలు తెలుసు గద, 1796ల కట్టింది. దాన్ని మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితె ఒక రోజు ఖైదీ లెక్క ఉండనిచ్చే పథకం 2016ల పెట్టిన్రు. జైలును సుత సరదాకు కొనుక్కునేటోల్లు ఉన్నరు. మనోల్లు అందులకు పైసల్ కట్టకుండనే పోయిన్రు. మన దుఃఖం ఇంకొకరికి ఆట అయినప్పుడు, వాళ్ల ఆట మనకు ఎందుకు పాపం కావాలె?

గట్లని తుపాకి మనల్ని కాపాడుతదని నేను చెప్త లేను. ఒక తమ్ముడు మొన్న గట్టిగనే వాదించిండు, కారంచేడుల మనోల్ల దగ్గర తుపాకి ఉంటెనా అని. 1985 జూలై 17న గొడ్డండ్లు, బరిసెలతోని వచ్చి ఆరుగురిని చంపిన్రు. 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మందిని తరిమి తరిమి చంపిన్రు, పోలీసులు ఊర్లనే ఉన్నరు. ఆ మందకు ఆరు గుండ్ల రివాల్వర్ ఎదురు నిలుస్తదా? నిలిచినా, తెల్లారి జైలుకు ఎవరు పోతరు? నాకైతె నమ్మకం లేదు. తమ్మునికి ఉన్నది. వాదన ఇంకా తెగలే.

నేను భయపడ్డది వేరేదానికి. ఎండాకాలంల అల్లుని కొలువు పోయింది. వీసా గడువు అరవై రోజులు. వారానికి రెండుసార్లు ఫోన్ చేసేటోడు బంద్ చేసిండు. అక్క రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేసి "తమ్మీ, వాని దగ్గర ఆ తుపాకి ఉన్నది గద" అని ఒక్కటే మాట అన్నది. నాకు కాళ్లల్ల సత్తువ పోయింది. అమెరికాల తుపాకి చావులల్ల సగానికి మించి తమను తామే చంపుకునేటియి. మనింటి పిల్లలు ఎన్ని గదులల్ల, ఎన్ని హాస్టళ్లల్ల ఎట్ల పోయిన్రో ఈ పేజీ చదివేటోల్లకు చెప్పాల్సిన పని లేదు. పైగ 2024 నవంబర్ల మన తెలంగాణ పిల్లగాడు ఒకడు అక్కడ కొత్త తుపాకి తుడుచుకుంటుండంగ పేలి పోయిన వార్త చదివినం. రెండు వందల డాలర్ల ఆటబొమ్మ ఆ రాత్రి ఆటబొమ్మ లెక్క అనిపియ్యలే.

ఫోన్ల మీద ఫోన్లు చేసిన. ఆరోదానికి ఎత్తిండు.

"ఏం చేస్తున్నవ్ రా?"

"ఏం లేదు మామా. పండుకున్న."

తిప్పి తిప్పి అడుగుడు నాకు చేతగాలే. "నిన్ను నువ్వు ఏమన్న చేసుకోవాలె అనిపిస్తుందా?" అని సక్కగ అడిగిన. అటు దిక్కు చానసేపు సప్పుడు లేదు.

"రెండు మూడు సార్లు అనిపిచ్చింది మామా. ఇప్పుడు లేదు."

"ఆ తుపాకి దోస్తుకు ఇచ్చి రా. ఇప్పుడే పో. నేను లైన్ల ఉంట."

"అర్ధరాత్రి కాదు మామా, ఇక్కడ పగలే."

"మరింక మంచిది. పో."

పోయిండు. కారు సప్పుడు, తలుపు సప్పుడు, ఆ వీడియోల కేకలు పెట్టిన దోస్తు గొంతు, అన్ని విన్న. ఆ దోస్తు దానిని తన బీరువల పెట్టి తాళం వేసిండు. ఆ రాత్రి మావాన్ని ఇంటికి పోనియ్యలే, వండి పెట్టిండు. ఆ పిల్లగాని కులం ఏందో నాకు తెల్వది, అడగలే.

అల్లునికి యాభయ్యో రోజున ఇంకో కొలువు దొరికింది. డాక్టర్ దగ్గరకు సుత పోతున్నడు, మాట్లాడనీకి. ఆ సంగతి నేను ఇక్కడ రాస్త అంటె "రాయి మామా, నా పేరు తప్ప" అన్నడు.

పోయిన ఆదివారం వీడియో కాల్ల బాపు వానిని అడిగిండు. "ఏదిరా, నీ పటాక?"

"దోస్తు దగ్గర ఉన్నది తాతా. అడగాల్నని అనిపిస్తలేదు ఇంకా."

"అక్కడ్నే ఉండనీ." జరసేపు ఆగి మళ్ల అన్నడు. "మళ్ల ఎప్పుడన్న డబ్బాలు కొడ్తె నాకు చూపియ్యి. ఈసారి చెవు మిషన్ పెట్టుకోని వింట."