పాత గాడి - కొత్త ముల్లు

ముల్లు అనగానే అరికాలిలో దిగేది గుర్తుకు వస్తుంది. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెతా గుర్తుకు వస్తుంది. కాని పాటను పలికించే ముల్లు కూడ ఒకటున్నదని నేటి విద్యార్థులలో ఎందరెరుగుదురు? సెల్‌ఫోను తెరను వేలితో తాకినంతనే సంగీతం వినవచ్చే ఈ రోజులలో ఆ ముల్లు ముచ్చట చెప్పబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. అయినను చెప్పక తప్పదు. ఇసుక రేణువంత మొన గల ఆ ముల్లు మాకు కొన్ని పెద్ద సంగతులు నేర్పింది.

పూర్వం గ్రామఫోను ప్లేట్లు లక్కతో తయారయ్యేవి. అవి నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. లక్కలో కలిపిన రాతిపొడి ఉక్కు ముల్లును ఇట్టే అరగదీసేది. అందుచేత ప్లేటు ఒక వైపు ముగియగానే ముల్లు మార్చవలెనన్న నియమం ఉండేది. 1948లో అమెరికాలో వినైల్ లాంగ్ ప్లే రికార్డు వెలువడిన పిమ్మట గాడి సన్నమైనది. 78 ప్లేటుకు ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లుంటే, స్టీరియో ఎల్.పి.కి సుమారు 18 మైక్రాన్లు చాలు. ఉక్కు పోయి నీలమణి వచ్చింది. నీలమణి పోయి వజ్రం వచ్చింది. అయితే వజ్రమూ అరుగుతుంది. కొన్ని వందల గంటలు నడిచిన తరువాత దాని గుండ్రని మొన పలకలు దేరి ఉలివలె తయారవుతుంది. అది గాడిని చదవడం మాని చెక్కడం మొదలుపెడుతుంది. ఇక్కడే ఉన్నది అసలు ప్రమాదం. రికార్డు కాలం వలన కాదు, మొద్దుబారిన ముల్లు వలననే ఎక్కువగా చెడుతుంది. ఒకసారి చెక్కుకుపోయిన స్వరం మరల రాదు.

చింతలపూడిలోని మా ఇంట ఒక రేకు పెట్టె నిండ రికార్డులున్నవి. అందులో ఘంటసాల వారి పుష్పవిలాపం ఉన్నది. 1969లో వచ్చిన భలే తమ్ముడు చిత్రానికి మహమ్మద్ రఫీ పాడిన తెలుగు పాటలున్నవి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకొన్న షేక్ చినమౌలానా నాదస్వరమున్నది. ఉర్దూ గొంతు తెలుగు పలికితే, ముస్లిం ఊపిరి కోవెల వాద్యాన్ని మ్రోగిస్తే భేదమెంచని గాడులవి. మన కళాశాల వంటి చోట ఈ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

మా తాతగారు ఉద్యోగరీత్యా కొల్లేటి అంచున కైకలూరులో ఉన్నప్పుడు మొదటి యంత్రం కొన్నారు. అందులోనిది క్రిస్టల్ కాట్రిడ్జి. ముల్లు కదలికకు వంగి విద్యుత్తు పుట్టించే రోషెల్ ఉప్పు స్ఫటికం దాని ప్రాణం. ఉప్పుకు తేమ శత్రువని మన వంటింటి జాడీయే చెబుతుంది. కొల్లేటి గాలికి ఆ స్ఫటికం కొన్నేళ్ళకే చెమ్మగిలి మూగవోయింది. దానికి ఎన్ని ముళ్ళు మార్చినను ప్రయోజనం లేదు. చెడినది ముల్లు కాదు, లోపలి సారమే.

మా చిన్నాన్నగారు 1984లో కువైట్ నుండి తెచ్చిన రెండవ యంత్రం సంగతి వేరు. అందులోనిది అయస్కాంతపు కాట్రిడ్జి. తీగ చుట్టలు కాట్రిడ్జి ఒంటిలో కదలక ఉంటాయి. వజ్రపు మొన, దానిని మోసే సన్నని కాడ, కాడ వెనుక కొసనున్న చిన్న అయస్కాంతం, వాటిని ఆడనిచ్చే రబ్బరు, ఇవన్నీ ముల్లు భాగంలోనే ఉంటాయి. ఆ భాగాన్ని వ్రేళ్ళతో పట్టి బయటకు లాగవచ్చు. అనగా అరిగేదీ, గట్టిపడేదీ, విరిగేదీ అంతా మార్చదగినదే. నలుబది ఏళ్ళనాటి ఒంటికి కొత్త ముల్లు తొడిగితే కదిలే భాగమంతా నిన్న పుట్టినట్లే.

కొన్నేళ్ళ క్రితం మా దాదీ మంచం పట్టారు. చినమౌలానా నాదస్వరం ఒకమారు వినవలెనని కోరినారు. యంత్రంలో ఉన్నది మేము పుట్టకముందు తొడిగిన ముల్లు. భూతద్దంలో చూస్తే మొన ఒక పక్కకు అరిగి ఉన్నది. "ఒక్కమారు వినిపిస్తే ఏమిరా, రేపెట్లుంటుందో!" అన్నారు నాన్నగారు. ఆయన మాట కాదనలేము. రికార్డు మీద ఆ ముల్లు దించనూలేము. చివరకు దాదీనే అడిగినాము. "ఆగుతాను నాయనా. నా ఒక్కదాని కోసం ప్లేటు పాడుచేయకండి. మీ పిల్లలూ వినాలి గదా!" అన్నారామె.

ముల్లు వెదకినాము. అమెరికాలో పేరుపొందిన ష్యూర్ కంపెనీ 2018లో కాట్రిడ్జుల తయారీ విరమించింది. అయినను ఆ కాట్రిడ్జులకు సరిపోయే ముళ్ళను ఇతరులు చేస్తూనే ఉన్నారు. వారిలో జపాన్‌లోని జికో సంస్థ 1873లో కుట్టుసూదులతో ప్రారంభమైనది. ఈ ముళ్ళలో గుండ్రని మొన చౌక, ఓర్పు గలది. కోడిగ్రుడ్డు ఆకారపు మొన గాడిలోని సన్నని మలుపులలో కూడ దూరుతుంది. కాని దానిని సరిగా అమర్చకపోతే మేలు కంటె కీడే ఎక్కువ. మేము కోడిగ్రుడ్డు మొననే తెప్పించినాము. చేతి బరువు రెండు గ్రాములకు సరిచేసినాము.

ముల్లు చేరడానికి ఇరువది రెండు రోజులు పట్టింది. ఆ రోజులెట్లు గడిచినవో మాకే తెలుసు. దాదీ విన్నారు. మునుపు గరగరలో కలిసిపోయిన డోలు దెబ్బ విడిగా వినిపించింది. పాత ముల్లు చేసిన గాయం ఒకచోట ఉండనే ఉన్నది. కాని కొత్త మొన ఆకారం వేరు గనుక గాడి గోడకు మరొకచోట ఆనింది. ఆ చోట అరగని స్వరం ఇంకను మిగిలి ఉన్నది. ఆ తరువాత ఆమె ఆ రికార్డును నాలుగుసార్లు విన్నారు. అయిదవసారికి ఆమె లేరు. రికార్డు ఉన్నది. ఆ యంత్రానికి 78 వేగం లేకపోవడం చేత పుష్పవిలాపం మాత్రం పెట్టెలో మౌనంగా ఎదురు చూస్తున్నది.

విద్యార్థి మిత్రులారా! మీర్, గాలిబ్‌ల గజళ్ళు, నన్నయ తిక్కనల పద్యాలు మన చేతికందిన గాడులే. అవి పాతబడలేదు. మొద్దుబారిన బుద్ధితో, పరీక్ష కోసం వల్లెవేసిన ప్రతిసారీ వాటిని మనమే కొంత గీరుతున్నాము. మన పెద్దలు ఆనిన చోటనే మనమూ ఆనవలెనని లేదు. పదునైన చూపుతో చదివితే వారి కాలంలో వినిపించని స్వరం మనకు దొరకవచ్చు.

కమిటీ పెద్దలకొక విన్నపం. మన పాత సామాను గదిలో ఒక రికార్డు ప్లేయరున్నది. పాత ఇనుముతోపాటు అమ్మివేయవలెనన్న మాట వినవస్తున్నది. అమ్మే ముందు దాని కాట్రిడ్జి ఏ జాతిదో చూడవలెను. లోపలి సారమే పోయినదైతే చింత లేదు, అమ్మవచ్చు. ముల్లు మాత్రమే పోయినదైతే ఒక ముల్లు కొనవలెను. అంతవరకు దయచేసి ఎవ్వరూ దానిపై రికార్డు పెట్టకుందురు గాక!