తీరికకు మెట్లు కట్టిన తీరం

రిటైరైన ఆస్ట్రేలియన్ అనగానే మనకు తట్టే బొమ్మ ఒకటుంది: నెత్తిన వెడల్పాటి టోపీ, కాళ్లకు హవాయి చెప్పులు, చేతిలో గాలం, ఎదురుగా అంతులేని నీలం. ఆ బొమ్మను చూసి కొందరు పెట్టి పుట్టాడంటారు, కొందరు పనీపాటా లేదంటారు. రెండూ తొందరపాటు తీర్పులే. పోర్ట్ మెక్వారీ, విక్టర్ హార్బర్, హార్వీ బే లాంటి ఊళ్లలో ముసలివాళ్లకు పొద్దు హాయిగా గడుస్తోందంటే సముద్రానికి దక్కవలసిన మెచ్చుకోలు మనం అనుకునేంత లేదు. వాళ్ల తీరిక వెనక ఎంతోమంది చెమట ఉంది, కొన్ని పోట్లాటలు ఉన్నాయి, బోలెడు సిమెంటు ఉంది. ఊరికి రోడ్డు వేసుకున్నట్టే తీరికను కూడా నలుగురూ కలిసి వేసుకోవాలి, గుంటలు పడితే పూడ్చుకోవాలి అన్నదే ఆ తీరాన్ని చూస్తే నాకు తోచే మాట.

ఆస్ట్రేలియా జనాభాలో 80 శాతానికి పైగా తీరానికి 50 కిలోమీటర్ల లోపే ఉంటారు. అంతమాత్రాన ఆ సముద్రం వాళ్లకు చుట్టమైపోలేదు. ఒడ్డున విరిగిన అలల నీరు వెనక్కి మళ్లేటప్పుడు పాయలు కట్టి లోపలికి లాగుతుంది. గజఈతగాణ్ని సైతం ఈడ్చుకుపోతుంది. పైన ఎండ సరేసరి. డెబ్బై ఏళ్లు వచ్చేసరికి ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రకం చర్మ క్యాన్సర్ బయటపడే దేశమది. చొక్కా తొడుక్కోండి, క్రీము రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని 1981 నుంచీ ఊదరగొడుతున్నారు. వీటికి తోడు ఒకప్పుడు చట్టం కూడా అడ్డమే. న్యూ సౌత్ వేల్స్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం పట్టపగలు జనం కళ్లబడేలా సముద్రస్నానం చేయడం నేరం. 1902లో మాన్లీలో విలియం గోచర్ అనే పత్రికా సంపాదకుడు, మిట్టమధ్యాహ్నం నీళ్లలో దిగబోతున్నానని తన పత్రికలో ముందే చాటి మరీ దిగాడు. ఆంక్ష సడలింది. సడలగానే మునిగిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లను కాపాడటానికి బోండై లాంటి చోట్ల స్వచ్ఛంద సంఘాలు పుట్టాయి. పసుపూ ఎరుపూ జెండాల మధ్యే ఈదాలన్న ఇవాళ్టి కట్టుబాటు ఆ సంఘాలు పెట్టిందే.

ముసలివాళ్లకు ఆ జెండాలు చాలవు. మోకాళ్లు సహకరించని మనిషిని ఒక మోస్తరు అల కూడా పడదోస్తుంది. అందుకే ఆ తీరం మీద నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఒడ్డునున్న రాతిబండల్లోనే గుంట తొలిచి, సముద్రం వైపు అడ్డుగోడ కట్టిన ఈతకొలను. న్యూ సౌత్ వేల్స్ పొడవునా ఇలాంటివి డజన్ల కొద్దీ ఉన్నాయి. పోటు మీద అలలు గోడ దూకి వచ్చి పాత నీటిని తోసేసి కొత్త నీరు నింపుతాయి. లోపలికి లాగే పాయ మాత్రం గోడ దాటి రాలేదు. అదే ఉప్పునీరు, అదే చలి, ప్రాణభయం మాత్రం చాలా తక్కువ. న్యూకాజిల్‌లోని బోగీ హోల్‌ను 1819 ప్రాంతంలో అక్కడి సైనికాధికారి ఒకడు తన స్నానం కోసం ఖైదీల చేత తొలిపించుకున్నాడు. అదే ఊళ్లో మెరీవెదర్ కొలను 1935 నాటిది. అది అందరిదీ, ప్రవేశ రుసుము లేదు. దొరగారి గుంటతో మొదలైంది ఊరి కొలను దాకా వచ్చిందన్నమాట. 1930ల మాంద్యంలో పని దొరకనివాళ్లకు నాలుగు కూలి డబ్బులు ఇప్పించడానికి తవ్వించిన కొలనులూ వీటిలో ఉన్నాయి. వాటిలో దిగడానికి మెట్లు, మెట్ల పక్కన ఇనుప కమ్మీ. ఎనభై ఏళ్ల ఆవిడ పొద్దున్నే సముద్రపు నీటిలో ఈదుతోందంటే సగం పుణ్యం ఆ కమ్మీది. తక్కిన సగం కౌన్సిల్ పనివాళ్లది: కొలను ఖాళీ చేసి వాళ్లు పాచి గీకకపోతే ఆ మెట్ల మీదే తుంటి విరుగుతుంది.

ఇదంతా డబ్బున్న దేశం వైభోగమని కొట్టిపారేయవచ్చు. అందులో నిజం ఉంది. 1909 నుంచి దేశమంతటా వృద్ధాప్య పింఛను, 1992 నుంచి యజమాని తప్పనిసరిగా జమ కట్టే పదవీ విరమణ నిధి ఉన్న చోట తీరిక సులువే. కానీ డబ్బున్నవాడు ఎక్కడైనా పడవ కొనుక్కుంటాడు. చూడాల్సింది లేనివాడికి ఏం మిగిలిందని. పార్కుల్లో కౌన్సిళ్లు పెట్టిన కరెంటు పొయ్యిల మీద కాసిని సాసేజిలు కాల్చుకోవడానికి చాలాచోట్ల పైసా అక్కర్లేదు. గాలం వేయాలంటే న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్సు కావాలి, పింఛను కార్డు ఉన్నవారికి అది మాఫీ. క్వీన్స్‌లాండ్‌లో సముద్రపు గాలానికి లైసెన్సే లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బస్సెల్టన్‌లో సముద్రంలోకి సాగిన 1841 మీటర్ల కొయ్య వంతెన ఒకప్పుడు కలప ఎగుమతికి కట్టినది. దుంగల రైళ్లు నడిచిన చోట ఇప్పుడు గాలాలు వేలాడుతున్నాయి. తీరికను అందరి హక్కుగా చూసే ఈ ధోరణికి మూలం సంపదకన్నా పాతది. 1856లో మెల్‌బోర్న్ రాతిపనివాళ్లు పని ఆపి ఊరేగి, ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి కావాలన్నారు. నిద్రనూ వినోదాన్నీ ఒకే పద్దులో కలపకుండా వినోదానికి విడిగా గంటలు అడగడం చిన్న సంగతి కాదు. ఇళ్ల ధరల విషయంలో మాత్రం జవాబు చెప్పడం కష్టం. 1990ల చివరి నుంచి నగరాలు వదిలి తీరానికి తరలినవాళ్లు పెరిగే కొద్దీ అద్దెలూ పెరిగాయి. ఆ ఊళ్లలోనే పుట్టి పెరిగిన బీదవాళ్లు కొందరు కొలనుకు దూరమయ్యారు. కొలను ఉచితమైతే చాలదు, దాని దగ్గర ఇల్లు దొరకాలి.

ఇక పనీపాటా లేకపోవడం సంగతి. బోండై ఐస్‌బర్గ్స్ క్లబ్బును 1929లో పెట్టుకున్నవాళ్లు ఒక షరతు రాసుకున్నారు: చలికాలమంతా నెలకు నాలుగు ఆదివారాల్లో మూడింట తప్పక ఈదాలి, అలా అయిదేళ్లు సాగాలి. ఆఫీసులో ఏ మేనేజరూ ఇంత కట్టడి చేసి ఉండడు. నియమం ఆనందాన్ని చంపుతుందని వాదించేవాళ్లున్నారు. రిటైరయ్యాక కూడా హాజరుపట్టీ ఎందుకని విసుక్కుంటారు. కానీ ఎవరూ ఎదురుచూడని మనిషి మంచం దిగడానికి బద్ధకిస్తాడు. రెండో ఆదివారం కూడా ఎగ్గొడితే పేరు పోతుందన్న బెంగ అతణ్ని లేపుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో, ముర్రే నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో గూల్వా ఉంది. 1993లో అక్కడ రిటైరైన మగవాళ్ల కోసం పనిముట్లతో ఒక షెడ్డు తెరిచారు. రంపం, చిత్రిక, మరమ్మతుకు వచ్చిన కుర్చీలు, కొయ్యబొమ్మలు. ఎదురుబొదురుగా కూర్చోబెట్టి నీ బాధేమిటని అడిగితే నోరు విప్పని మగవాడు, పక్కపక్కన నిలబడి బల్లకు ఉప్పుకాగితం పడుతుంటే ప్రోస్టేట్ ఆపరేషన్ సంగతి కూడా చెప్పేస్తాడు. దేశంలో ఇప్పుడు ఇలాంటి షెడ్లు వెయ్యికి పైగా ఉన్నాయి.

అదే గూల్వా ఒడ్డున అలలు వెనక్కి వెళ్లిన తడి ఇసుకలో జనం నడుములు తిప్పుతూ మడమలతో ఇసుకను కదుపుతారు. పిపీలనే చిన్న ఆల్చిప్పలు పాదాలకు తగులుతాయి. మూడున్నర సెంటీమీటర్లకన్నా చిన్నవైతే తిరిగి ఇసుకలో వేయాలి. ఈ ఆట కొత్తది కాదు. అక్కడి న్గారిండ్జెరీ ప్రజలు వేల ఏళ్లుగా తిని పారేసిన చిప్పల దిబ్బలు ఆ ఇసుకగుట్టల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఈ తీరికకు ఇలాంటి కట్టుబాట్లు ఇంకా ఉన్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో పిపీలు ఎరకు మాత్రమే, తినడానికి ఒడ్డు దాటించకూడదు. విషం సోకే ప్రమాదం ఉందని. దక్షిణ తీరాల్లో హుడెడ్ ప్లోవర్ అనే చిన్న పిట్ట ఒట్టి ఇసుకలోనే గుడ్లు పెడుతుంది; వాటి చుట్టూ తాడు కట్టి, కుక్కల్ని దూరంగా ఉంచమని నడిచేవాళ్లను బతిమాలే స్వచ్ఛంద సేవకులున్నారు.

ఒంటరితనం మాత్రం ఇన్నిటి మధ్యా ఉంది. పిల్లలు సిడ్నీలో, పెద్దాసుపత్రి గంటల దూరంలో, జీవిత సహచరి పోయాక సముద్రం ముఖం చూడబుద్ధి కాదు. 1845లో హోబార్ట్ పక్క శాండీ బేలో మొదలైన లాన్ బౌల్స్ ఆట కోసం వెలసిన క్లబ్బులు కొన్ని సభ్యులు తగ్గి మూతపడ్డాయి. గుండ్లు దొర్లిన పచ్చికల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. కానీ ఇవి కట్టిందాన్ని నిలబెట్టుకోలేకపోయిన చోట్లే తప్ప కట్టడం తప్పని తేల్చేవి కావు. మనవల కోసం మెల్‌బోర్న్ పడమటి శివార్లకు వెళ్లిన మన అమ్మానాన్నల్లో చాలామందికి అక్కడ పొద్దు పోదు. కారు తోలేవారు ఉంటే తప్ప గడప దాటలేరు. దాటినా కలవడానికి ఒక షెడ్డో, రావలసిన ఒక ఆదివారమో వాళ్ల పేరు మీద లేవు. విశాఖ బీచ్ రోడ్డులో మాత్రం తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తే, ఎండెక్కేదాకా రోడ్డంతా రిటైరైనవాళ్లదే. అక్కడా సముద్రం ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా పెట్టింది ఆ బారికేడ్లు. వాటిని తీయగానే ఆటోలూ బస్సులూ వస్తాయి, ముసలివాళ్లు ఇళ్లకు మళ్లుతారు.