హోబార్ట్ నుంచి ఒక్కరోజు ప్రయాణం

హోబార్ట్ నుంచి కారులో గంటకు కాస్త పైగా ప్రయాణిస్తే మౌంట్ ఫీల్డ్ నేషనల్ పార్కు వస్తుంది. ఇది 1916లో ఏర్పడింది. ఆకాశమంటే యూకలిప్టస్ చెట్ల కింద పావుగంట నడిస్తే రస్సెల్ జలపాతం. దారి చదును, మా అమ్మగారు కూడా హాయిగా నడిచారు.

తిరుగుదారిలో కొంచెం చుట్టు తిరిగి బ్రైటన్‌లోని బోనొరాంగ్ జంతు శరణాలయానికి వెళ్ళాం. అక్కడ టాస్మేనియన్ డెవిల్‌ను చూశాం; నల్లటి కుక్కపిల్లంత ఉంటుంది. 1996లో వీటి ముఖాలపై కణుతులు మొదటిసారి కనబడ్డాయి. అది అంటుకొనే కాన్సరు! ఒకదాన్నొకటి కరిచినప్పుడు కాన్సరు కణాలే గాయంలో నాటుకుంటాయి. చివరికి తినలేక చనిపోతాయి.

దానికి మన దగ్గర మందు లేదు. కాని రోడ్డుమీది కళేబరాలు తినడానికి వచ్చి ఇవి కార్ల కింద కూడా పడుతున్నాయి. అది మన చేతిలో పని. పొద్దుగూకాక నెమ్మదిగా నడపండి.